నెమలి గుడి ముందు కోట్ల బేరాలు

నెమలి అంటే పిట్ట పేరని అందరికీ తెలుసు. ఆ పేరుతో ఒక ఊరుందని, ఆ ఊళ్లో వేణుగోపాలస్వామి కొలువై ఉన్నాడని మా వైపు వాళ్లకే ఎక్కువగా తెలుసు. తలలో నెమలి పింఛం పెట్టుకునే స్వామికి నెమలి అనే ఊళ్లోనే గుడి ఉండటం ఎంత పొందికగా కుదిరిందో చూడండి! ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో ఉందీ ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీయకముందు ఇదంతా కృష్ణా జిల్లానే. తిరువూరు నియోజకవర్గం కిందికి వస్తుంది. కాస్త అటు జరిగితే తెలంగాణ. అందుకే గుడి ముందు ఆగిన కార్లలోనూ ఆటోల్లోనూ సగం ఖమ్మం వైపువే కనబడతాయి. రైలు మీద వచ్చేవాళ్లు మధిరలో దిగి ఇటు రావచ్చు.

మేము మాత్రం ఎప్పుడూ విజయవాడ నుంచే వెళ్తాం. నా పుట్టిల్లు తిరువూరు. బస్టాండులో తిరువూరు బస్సు ఎక్కితే ఇబ్రహీంపట్నం దాకా హైదరాబాదు రోడ్డు. అక్కడ కుడికి తిరిగితే కొండపల్లి, తర్వాత మైలవరం, ఆ తర్వాత రోడ్డుకి రెండువైపులా మామిడి తోటలు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా టిక్కెట్టు లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. దాంతో నా పుట్టింటి ప్రయాణాలు కొంచెం ఎక్కువయ్యాయని మావారి ఫిర్యాదు. అన్నట్టు ఇబ్రహీంపట్నం దగ్గర కుడికి తిరక్కుండా తిన్నగా పోతే కాసేపట్లో మూలపాడు వస్తుంది. ఆ ఊరి సంగతి తర్వాత చెప్తాను, ఈ కథలో దానికీ చోటుంది.

మొన్న కార్తీకమాసంలో బహుళ ఏకాదశి శనివారం వచ్చింది. 2025 నవంబరు 15. ఆ రోజు నెమలి వెళ్లి స్వామి దగ్గర ఒక మాట అడిగి రావాలని వదిన ఎప్పట్నుంచో అనుకుంటోంది. అడగాల్సిన మాట మా మేనకోడలి గురించి. పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. ఎడంచేత్తో బంతి తిప్పుతుంది. ఆటలో పడి చదువు పాడవుతుందేమోనని అన్నయ్య భయం. విజయవాడలో ఒక కోచింగ్ సెంటరు వాళ్లు దీని ఆట చూసి తీసుకుంటామన్నారు. సోమవారం లోపల ఔనో కాదో చెప్పాలి. చెప్పాలంటే కాలేజీ మార్చాలి, ఊరు మార్చాలి, ఆడపిల్లని ఇల్లు దాటించాలి. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరి ముద్ద వాళ్లు నోరెత్తకుండా తింటున్నారట.

పొద్దున్నే అన్నయ్య కారులో బయల్దేరాం. తిరువూరు నుంచి గంపలగూడెం మీదుగా దారి. పత్తి చేలల్లో కూలీలు వంగి పత్తి తీస్తున్నారు, కొన్నిచోట్ల వరి కోతకొచ్చింది. వదినది ఉపవాసం. పిల్లల కోసం నేను నిమ్మకాయ పులిహోర కట్టాను. (అన్నం బాగా చల్లారాకే నిమ్మరసం పిండండి, వేడి మీద పిండితే చేదెక్కుతుంది. నాలుగ్గంటలైనా రుచి తగ్గదు.) మేనల్లుడు బీటెక్ చదువుతున్నాడు. వాడు కారెక్కిన దగ్గర్నుంచీ ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఏకాదశి నాడు గుడికొస్తూ ఇదేం పనిరా అని వదిన కసిరితే, "అమ్మా, ఇవాళ మధ్యాహ్నం మూడింటికి గడువు. అన్ని జట్లూ ఎవర్ని ఉంచుకుంటారో, ఎవర్ని వదిలేస్తారో చెప్పేయాలి. ట్రేడులన్నీ పొద్దున్నే బయటపెట్టారు" అన్నాడు.

దర్శనం హడావుడి లేకుండా జరిగింది. వదిన కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. మేము ప్రసాదం తీసుకుని బయటికొచ్చేసరికి మా వాడు చెట్టు కింద నలుగురు కుర్రాళ్లతో జట్టు కట్టేశాడు. ఇద్దరు మధిర వైపు నుంచి వచ్చినవాళ్లు, ఇద్దరు ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు. అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. పావుగంటలో చిన్ననాటి స్నేహితుల్లాగా వాదించుకుంటున్నారు.

"అత్తా, సంజూ శాంసన్ చెన్నైకి వచ్చేశాడు. బదులుగా జడేజాని, శామ్ కరన్‌ని రాజస్థాన్‌కి ఇచ్చేశారు!"

"ఎవర్రా ఆయన? బదిలీ అయిందా?" అంది వదిన, మా మరిది ఉద్యోగం బదిలీ అన్నట్టుగా.

"బదిలీ కాదమ్మా, ట్రేడ్."

నేను చదివింది ఇంటర్ వరకే. క్రికెట్ గురించి తెలిసిందల్లా ఇంట్లో టీవీ మోగుతుంటే చెవిన పడిందే. అయినా ఆ చెట్టు కింద అరగంట కూర్చునేసరికి నాకు అర్థమైంది మీకూ చెప్తాను. పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే మనిషి మన వీధిలోకి వస్తుంటాడు కదా. మనం ఆరు చీరలకి బేసిను అడుగుతాం, అతను పళ్లెం చూపిస్తాడు. ఇదీ అంతే. ఐపీఎల్‌లో పది జట్లు. 2026 సీజన్‌కి ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద 125 కోట్ల దాకా ఖర్చుపెట్టుకోవచ్చు, అంతకుమించి కూడదు. జట్టులో పాతిక మందికి మించకూడదు. ఇంటి ఖర్చు నడిపేవాళ్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకదానికి ఎక్కువ పెడితే ఇంకోదానికి తగ్గుతుంది. అందుకని వేలంలో కొన్నవాళ్లలో పనికొచ్చేవాళ్లని ఉంచుకుంటారు, బరువైనవాళ్లని వదిలేస్తారు, కొందర్ని పక్క జట్టుతో మార్చుకుంటారు. మార్చుకోవడమే ట్రేడ్.

ఇదేం కొత్త కాదట. 2009లోనే ముంబై వాళ్లు రాబిన్ ఉతప్పని ఇచ్చి బెంగళూరు నుంచి జహీర్ ఖాన్‌ని తెచ్చుకున్నారు. అప్పుడే శిఖర్ ధావన్ ఢిల్లీ నుంచి ముంబైకి, ఆశిష్ నెహ్రా ముంబై నుంచి ఢిల్లీకి మారారు.

జడేజా సంగతి వినేసరికి నాకే ఆసక్తి పుట్టింది. అతను 2008లో కుర్రాడిగా మొదట ఆడింది ఈ రాజస్థాన్ తరఫునే. ఆ ఏడాది ఆ జట్టే గెలిచింది. ఒప్పందం ఉండగానే వేరే జట్టుతో మాట్లాడుకున్నాడని 2010 సీజనంతా అతన్ని ఆడనివ్వలేదు. 2012లో చెన్నైకి వచ్చాడు, ఆ జట్టుని ఆపేసిన రెండేళ్లు తప్ప అక్కడే ఉన్నాడు. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకి పది పరుగులు కావాలంటే ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టి గెలిపించాడు. అంతటివాణ్ణి ఇచ్చేశారు! పైగా 18 కోట్లున్నది 14 కోట్లకి తగ్గించుకుని వెళ్లాడు. "పోన్లెండి, పుట్టింటికే వెళ్లాడుగా" అంది వదిన. కుర్రాళ్లు నవ్వారు కానీ అందులో చెన్నై అభిమాని ఒకడున్నాడు, వాడు నవ్వలేదు. "పన్నెండేళ్లు చూసిన మనిషండీ" అన్నాడు, సొంత బాబాయి ఊరొదిలిపోయినట్టు.

మన హైదరాబాద్ జట్టు మీద రచ్చ ఇంకా ఎక్కువ. షమీని పది కోట్ల ధరతోనే లక్నోకి ఇచ్చేశారు. 2025లో 9 మ్యాచ్‌ల్లో 6 వికెట్లే తీశాడు, పోతేపోయాడని ఒకడు. ఆ చెయ్యి మళ్లీ దొరుకుతుందా అని ఇంకొకడు. "మీకసలు వార్నర్‌ని పంపించినప్పుడే బుద్ధి లేదు" అని మధిర కుర్రాడు. అది మాత్రం నాకూ గుర్తే. 2016లో కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్ వార్నర్. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లాం పిల్లలతో కలిసి మన తెలుగు పాటలకి చిందులేస్తే, క్రికెట్ తెలియని ఆడవాళ్లం కూడా ఫోన్లు పట్టుకుని చూశాం. మరుసటి ఏడాది సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోంచే పక్కన పెట్టేశారు. ఆటలో లాభనష్టాలు ఉంటాయి గానీ, పంపించేటప్పుడు పెట్టే మర్యాద ఒకటుంటుంది కదా.

ఇంకో విడ్డూరం. మన పిల్లలు ఎక్కడెక్కడో ఆడుతున్నారు! హైదరాబాదులో ఆటో నడిపిన ఆయన కొడుకు సిరాజ్. 2017లో హైదరాబాద్ జట్టే 2 కోట్ల 60 లక్షలకి కొంది, తర్వాత వదులుకుంది. ఏళ్ల తరబడి బెంగళూరుకి ఆడాడు. 2024 నవంబరు వేలంలో గుజరాత్ వాళ్లు 12 కోట్ల 25 లక్షలకి తీసుకున్నారు. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్ వర్మదీ హైదరాబాదే. 2022 నుంచి ముంబై జట్టు. 2025 సెప్టెంబరులో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద నిలబడి గెలిపించాడే, ఆ అబ్బాయి. విశాఖ ఆడపడుచు కొడుకు రోహిత్ శర్మ. మొదటి మూడేళ్లు మన దక్కన్ చార్జర్స్‌లో ఆడి 2011లో ముంబై పోయాడు. ఆ చార్జర్స్ జట్టూ 2012తో ముగిసిపోయింది. పోనీ విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి అయినా హైదరాబాద్ జట్టులో ఉన్నాడని ఊరట. కొడుకు ఆట కోసం తండ్రి ఉద్యోగం మానేశారు. 20 లక్షలకి వచ్చిన కుర్రాణ్ణి 2024లో 6 కోట్లకి ఉంచుకున్నారు. ఆ డిసెంబరులోనే మెల్‌బోర్న్‌లో సెంచరీ కొడితే స్టాండులో ఆ తండ్రి ఏడ్వటం అందరం చూశాం. 2025 ఐపీఎల్‌లో సరిగ్గా ఆడలేదని ఇతన్ని కూడా ఇచ్చేస్తారని పుకార్లు లేచాయట. "ఒక్క ఏడాదికే?" అని నేను అంటే కుర్రాళ్లు నన్ను జాలిగా చూశారు.

పక్కనే టీ తాగుతున్న పెద్దాయన అప్పటిదాకా వింటూ ఉన్నాడు. మామిడి తోటల కాపు గుత్తకి తీసుకునే మనిషి. మీకు తెలుసో లేదో, మా తిరువూరు, నూజివీడు ప్రాంతంలో మామిడి కాయ మీద కొనడం తక్కువ. పూత చూసి బేరం కుదుర్చుకుంటారు, కొందరైతే పూత కూడా రాకముందే రెండు మూడేళ్లకి మాట్లాడేసుకుంటారు. మంచు పట్టినా, తేనెమంచు పురుగు కొట్టినా, గాలివాన వచ్చి రాత్రికి రాత్రి పిందె రాలినా కొన్నవాడి ఖర్మ. విరగ్గాస్తే అమ్మినవాడి కడుపుమంట. ఆయన గ్లాసు కింద పెట్టి, "పూతంతా పిందె కాదు, పిందంతా కాయ కాదు బాబూ. మీ వాళ్లు కొనేది పూత" అన్నాడు. 

మా వాడు ఎగిరి గంతేశాడు. సరిగ్గా అదేనట. దేశం తరఫున ఇంకా ఆడని ఇరవై ఏళ్ల కుర్రాళ్లని వెతికి పట్టడానికే ప్రతి జట్టూ మనుషుల్ని పెట్టి జిల్లాలు గాలిస్తుంది. ఆ పూత ధర ఎంత పలుకుతుందో నెల తర్వాత తెలిసింది. డిసెంబరు 16న అబుదాబిలో వేలం జరిగితే, జడేజాని పంపించిన చెన్నై వాళ్లు ప్రశాంత్ వీర్ అనే ఉత్తరప్రదేశ్ కుర్రాణ్ణి, కార్తీక్ శర్మ అనే రాజస్థాన్ కుర్రాణ్ణి ఒక్కొక్కర్ని 14 కోట్ల 20 లక్షలు పెట్టి కొన్నారు. ఇద్దరి మొదటి ధరా 30 లక్షలే. జడేజా ఒప్పుకున్న 14 కోట్ల కంటే ఎక్కువ! మా వాడు ఫోన్ చేసి, "అత్తా, ఆ టీ కొట్టు పెద్దాయన నెంబరు తీసుకోవాల్సింది" అన్నాడు.

అమెరికాలో మా పెద్దమ్మ మనవడు ఉన్నాడు. వాడు అక్కడ బేస్‌బాల్ పిచ్చివాడు. బేస్‌బాల్ అంటే మన బిళ్లంగోడుకీ క్రికెట్‌కీ మధ్యలో ఏదో ఆట అనుకోండి. అక్కడ సీజన్ నడుస్తుండగానే జులై నెలాఖరుకి ట్రేడ్ గడువు. గెలుపు ఆశ ఉన్న జట్లు పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి చిన్న జట్లలో పెరుగుతున్న ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లని ఇచ్చేస్తాయి. ఆ వారమంతా ఆఫీసుల్లో ఇదే గోలట. వాడు చెప్పిన ఒక్క సంగతి నా మనసులో ఉండిపోయింది. అక్కడ ఆటగాణ్ణి అడగక్కర్లేదు. పదేళ్లు ఆడి, అందులో ఆఖరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాళ్లకి, ఒప్పందంలో ముందే రాయించుకున్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి వద్దనే హక్కు లేదు. పొద్దున ఒక ఊళ్లో నిద్ర లేచి, రాత్రికి ఇంకో ఊరి బట్టలు వేసుకోవాలి. పెళ్లాం పిల్లలు, బడి, ఇల్లు అన్నీ వెనకాల రావాలి.

ఇది చెప్పి, "మన దగ్గరా అంతేనా?" అని అడిగాను.

"కాదత్తా. మన ఐపీఎల్‌లో ఆటగాడు ఒప్పుకోకపోతే ట్రేడ్ జరగదు. రెండు జట్లూ సరే అన్నా సరే, వాడి సంతకం లేందే కుదరదు."

కుదిరినంత మాత్రాన అందరూ మెచ్చుకుంటారని కాదు. హార్దిక్ పాండ్యా 2023 నవంబరులో గుజరాత్ నుంచి ముంబైకి తిరిగొచ్చి, రోహిత్ స్థానంలో కెప్టెన్ అయితే సొంత ఊరి జనమే వాంఖడేలో గోల చేసి ఎగతాళి పట్టించారు. 2024 జూన్‌లో ప్రపంచకప్ ఫైనల్లో ఆఖరి ఓవర్ వేసి గెలిపించాక అదే వాంఖడేలో అదే జనం జేజేలు కొట్టారు. జనం సంగతి ఎప్పుడూ అంతే. 

సంతకం మాట దగ్గర వదిన ప్రసాదం దొన్నె చేతిలో అట్లాగే పట్టుకుని ఆగిపోయింది. మనలో చాలామందిమి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వచ్చినవాళ్లమే. ఇచ్చిపుచ్చుకోవడాలు పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, మన ఇష్టం అడిగినవాళ్లు అడిగారు, లేనివాళ్లు లేదు. నన్ను మా నాన్న అడిగారు. "కుర్రాడు నచ్చాడా అమ్మా" అని ఒక్క ముక్క. వదినని అడగలేదని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. నవ్వుతూనే చెబుతుంది.

అంతలో మా మేనకోడలు నోరు విప్పింది. పొద్దుట్నుంచి మాట్లాడటం అదే మొదలు. "శ్రీచరణిని కూడా వదిలేశారు తెలుసా అత్తా?" అంది.

కడప జిల్లా అమ్మాయి నల్లపురెడ్డి శ్రీచరణి. ఆ రోజుకి పదమూడు రోజుల కిందట, నవంబరు 2న, మన ఆడపిల్లలు నవీ ముంబైలో దక్షిణాఫ్రికాని ఓడించి మొట్టమొదటిసారి వన్డే ప్రపంచకప్ తెచ్చారు కదా. అందులో 14 వికెట్లు తీసిన అమ్మాయి. చిన్నప్పుడు రకరకాల ఆటలు ఆడి, క్రికెట్‌ని గట్టిగా పట్టుకున్నది పదహారు పదిహేడేళ్లప్పుడే. మేనమామ వెన్నుతట్టాడు. మొదట్లో ఇంట్లో ఒప్పుకోలేదట. మహిళల లీగులో ఢిల్లీ వాళ్లు 2024 డిసెంబరులో 55 లక్షలకి కొన్నారు. ప్రపంచకప్ గెలిచిన వారం తిరక్కుండానే ఉంచుకునే ఐదుగురి జాబితా ఇస్తే అందులో ఈ పిల్ల పేరు లేదు! 

"మరి అంత ఆడినా లాభం ఏముంది?" అన్నాడు అన్నయ్య. అన్నయ్య ఆ పూటంతా ఇలాంటి మాట కోసమే చూస్తున్నట్టున్నాడు.

"జాబితాలో చోటు ఐదుగురికే నాన్నా. వేలంలో మళ్లీ కొంటారు" అంది పిల్ల. అంత ధైర్యంగా ఎట్లా చెప్పిందో నాకు తెలియదు.

మా తిరువూరు మీదుగా పోయే ఆ రోడ్డుంది చూశారూ, అది అక్కడితో ఆగదు. కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోతుంది. ఆ భద్రాచలం పిల్లే గొంగడి త్రిష. కూతురి ఆట కోసం ఆ తండ్రి అక్కడ వ్యాపకాలన్నీ వదులుకుని సికింద్రాబాద్‌కి మకాం మార్చారు. 2025 ఫిబ్రవరిలో మలేసియాలో అండర్-19 ప్రపంచకప్ గెలిచినప్పుడు టోర్నీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి ఆ అమ్మాయే, 309 పరుగులు. రోడ్డుకి ఈ చివర, ఇందాక చెప్పానే, ఇబ్రహీంపట్నం పక్కన మూలపాడు. 2016 నవంబరులో మన ఆడపిల్లల జట్టు, వెస్టిండీస్ జట్టు ఆ గ్రౌండులో ఆరు మ్యాచ్‌లు ఆడాయి. మూడు వన్డేలు మనవాళ్లు గెలిస్తే, మూడు టీ20లు వాళ్లు గెలిచారు. మేనకోడలికి అప్పుడు ఏడేళ్లు. అన్నయ్యే తీసుకెళ్లాడు, ఎండకి టోపీ కొనిచ్చి. ఆ సంగతి చెట్టు కింద నేను గుర్తుచేశాను. అన్నయ్య "ఊఁ" అన్నాడంతే.

విశాఖ స్నేహదీప్తి సంగతి కూడా చెప్పాను, అది వదిన కోసం. పదహారేళ్లకే 2013లో దేశానికి ఆడిన పిల్ల. పెళ్లయి, బిడ్డ పుట్టాక మళ్లీ బ్యాటు పట్టుకుంది. 2023లో మొదటి మహిళల వేలంలో ఢిల్లీ వాళ్లు 30 లక్షలకి తీసుకున్నారు. పిల్లతల్లి అనగానే వదిన కళ్లు పెద్దవి చేసుకుంది. "బిడ్డని ఎవరు చూసుకునేవాళ్లో?" అని మాత్రం అడిగింది. మనకి ముందు తట్టేది అదే కదండీ.

మూడయింది. కుర్రాళ్ల ఫోన్లు వేడెక్కాయి. జాబితాలు సాయంత్రం ఐదింటికి టీవీలో చెబుతారట. మధిర కుర్రాళ్లు వెళ్తూ వెళ్తూ మా వాడి నెంబరు తీసుకున్నారు. మేము కారెక్కాం. గంపలగూడెం దాటాక అన్నయ్య ఒక మామిడి తోట పక్కన కారు ఆపాడు. కాళ్లు సాగదీసుకోవడానికి అన్నాడు. అందరం దిగాం. కొమ్మలు ఇంకా పూతకి రాలేదు, నల్లగా నిగనిగలాడుతున్నాయి ఆకులు.

"ఏమే, నీకు వెళ్లాలని ఉందా?" అన్నాడు. 

వారం రోజుల్లో ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ వేయలేదని నాకు అప్పుడు తెలిసింది. కోచింగ్ వాళ్లు ఫోన్ చేశారు, అన్నయ్య లెక్కలు వేశాడు, వదిన మొక్కుకుంది, నేను సలహాలు చెప్పాను, మావారు విజయవాడలో కాలేజీల ఫీజులు వాకబు చేశారు.

పిల్ల వెంటనే ఉందనలేదు. కాసేపు చెప్పుతో మట్టి గీకింది. "చదువు మానను నాన్నా. రెండేళ్లు చూస్తాను. జిల్లా జట్టుకి కూడా రాకపోతే నేనే వచ్చేస్తాను, మీరు రమ్మనక్కర్లేదు" అంది. తర్వాత, "హాస్టల్ అయితే భయం. అత్తావాళ్ల ఇంట్లో అయితే ఉంటాను" అంది.

అందరూ నా వైపు చూశారు. ట్రేడులో మూడో సంతకం నాదన్నమాట! మావారికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. మేనకోడలంటే ఆయనకీ ప్రాణమే, కాకపోతే, "మనవాడి గది ఇవ్వాలి, వాణ్ణి కూడా అడుగు" అన్నారు. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. వాడు తన పుస్తకాల బీరువా జోలికి వెళ్లకూడదనే షరతు మీద ఒప్పుకున్నాడు. ఇలా ఒక తోట గట్టు మీద మా బేరం కుదిరింది. అన్నయ్య ఇచ్చింది కూతుర్ని, పైగా ఏటా రెండు బస్తాల బియ్యం, వేసవిలో రసాలు. నేనిచ్చింది ఒక గది, పొద్దున ఐదింటి నిద్ర.

నవంబరు 27న ఢిల్లీలో మహిళల వేలం జరిగింది. అప్పటికి పిల్ల ఇంకా తిరువూరులోనే ఉంది. శ్రీచరణి పేరు పిలవగానే ఢిల్లీ, యూపీ పోటీ పడ్డాయట. వదిలేసిన ఢిల్లీయే కోటి 30 లక్షలకి మళ్లీ కొనుక్కుంది. త్రిషని యూపీ వాళ్లు 10 లక్షలకి తీసుకున్నారు. ఆ రాత్రి అన్నయ్య నాకు ఫోన్ చేసి ధరలన్నీ వరసగా ఒప్పజెప్పాడు. కరెంటు బిల్లు ఎంతొచ్చిందో గుర్తుండని మనిషి! చివర్లో మాత్రం, "పది లక్షలే ఇచ్చారేంటి ఆ పిల్లకి, అంత ఆడితే" అని కోప్పడ్డాడు.

డిసెంబరు మొదటి వారంలో మేనకోడలు మా ఇంటికి వచ్చేసింది. పొద్దున ఐదింటికి లేచి, నానబెట్టిన శనగలు, రెండు గుడ్లు తిని వెళ్తుంది. ప్రాక్టీసు అయ్యాక అక్కణ్ణించే కాలేజీ. సాయంత్రం వచ్చేసరికి ఆకలి ఎట్లా ఉంటుందంటే, నలుగురికి వండినా చాలడం లేదు. రాగి సంకటి అలవాటు చేశాను, నాటుకోడి పులుసు ఉంటే మారు మాట్లాడదు. ఆదివారాలు వదిన వస్తుంది, టిక్కెట్టు లేదుగా. వచ్చిన దగ్గర్నుంచి పిల్ల చిక్కిపోయిందంటుంది, నేను తూకం యంత్రం ఎక్కించి కిలోన్నర పెరిగిందని చూపిస్తాను.

ఒక్క ఇబ్బంది మాత్రం వచ్చిపడింది. ఈ బౌలింగ్ వేసేవాళ్లు బంతికి నున్నదనం రావాలని ప్యాంటుకి రుద్దుతారు. తెల్ల ప్యాంటు తొడ మీద ఎర్రగా మరక. సబ్బు రుద్దాను, నిమ్మచెక్క రుద్దాను, వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టాను. సగం పోయి సగం గులాబీ రంగుకి తిరిగింది. బ్లీచింగ్ వేస్తే బట్ట పాడవుతుందని భయం. మీలో ఎవరి పిల్లలైనా ఎర్రబంతితో ఆడేవాళ్లుంటే, ఆ మరక ఎట్లా వదిలిస్తున్నారో కాస్త రాయండి.